మోకాలి కింద కాగితం

తెనాలి,
14 ఆగస్టు 2024.

అన్నయ్య బర్నబాస్‌కు,

హెలెన్ వందనాలు. 'ప్రియమైన' అని మొదలుపెడదామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. రెండేళ్ల క్రితం అమ్మని సమాధి చేసి ఇంటికెళ్తూ నా ఫోను నంబరు బ్లాక్ చేసినవాడివి. ఈ ఉత్తరం చింపకుండా చదివితే అదే పదివేలు.

నిన్న ఏసమ్మ పిన్ని రేపల్లె బండిలో వచ్చి చెప్పింది. శనివారం బాపట్లలో కబడ్డీ పోటీల్లో మన సుందరి కూతకెళ్ళి వెనక్కి తిరగబోతుంటే ఎడమ మోకాలు మెలితిరిగిందట. లోపల టప్‌మని చప్పుడొచ్చి అక్కడే కూలబడిందట. లిగమెంటు పూర్తిగా తెగిందని ఎం.ఆర్.ఐ.లో తేలిందట. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. అమ్మ పేరు పెట్టుకున్న పిల్ల. నువ్వు నాకేమీ కాకపోయినా అది నాకు మేనకోడలే.

ఆపరేషన్ వద్దనడం లేదు. ఇరవై ఏళ్ల పిల్ల, మళ్ళీ ఆడాలనుకుంటే చేయించాల్సిందే. ఎప్పుడు చేయించాలన్నదే సంగతి. శనివారాలు బాపట్ల వచ్చి ఆపరేషన్లు చేసే డాక్టరుని నువ్వు అప్పుడే మాట్లాడేశావని పిన్ని అంది. అంత తొందర వద్దు. ఇరవై ఆరేళ్లుగా ఎముకల ఆసుపత్రి థియేటర్లో నర్సుగా నిలబడుతున్నాను. దెబ్బ తగిలిన కొత్తలో మోకాలు లోపలంతా పచ్చిపుండులా ఉంటుంది. ఆ వాపు మీద కొత్త లిగమెంటు వేస్తే కీలు బిగుసుకుపోతుంది. ముందు వాపు తగ్గాలి, తొడకండకి బలం రావాలి, కాలు తిన్నగా చాపగలగాలి. దానికి మూడు వారాలు పట్టొచ్చు, నాలుగు పట్టొచ్చు. అప్పటిదాకా ఐసు, చేతికర్రలు, వెనక పేజీలో నేను రాసిన వ్యాయామాలు చాలు.

కాలు తిన్నగా వస్తోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పరుపు తీసేసి చెక్క మంచం మీద పడుకోబెట్టు. మోకాలి వెనక ఒక కాగితం పెట్టి, కాలు కిందికి నొక్కమను. కాగితం లాగు. ఊడి వచ్చేస్తే మోకాలు ఇంకా సిద్ధంగా లేదన్నమాట. కాలు దాన్ని గట్టిగా పట్టి ఉంచితే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళు. కాగితం దొరక్కపోతే ఈ ఉత్తరమే పెట్టు. చదవడానికి పనికిరాకపోయినా దానికి పనికొస్తుంది.

హెలెన్.


రేపల్లె,
17 ఆగస్టు 2024.

తెనాలి ఎముకల ఆసుపత్రి హెడ్డు నర్సు గారికి, రేపల్లె డ్రిల్లు మాస్టారు రాయునది.

చదివాను. చింపలేదు. చింపితే నీ మాట నాకు తగిలిందనుకుంటావు.

ఆగమనడం నీకు అలవాటు. అమ్మ కాలవగట్టు మీద జారిపడి మోకాలు పాడుచేసుకున్నప్పుడూ ఆగమన్నది నువ్వే. ఆ ఆగడం పదకొండేళ్లు సాగింది. అమ్మ కర్ర పట్టుకుని కుంటుతూనే చర్చికెళ్ళింది, కుంటుతూనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. చివరికి సమాధి దగ్గర పదిమందిలో నిలబడి, అమ్మ కుంటిదవడానికి కారణం అన్నయ్యే అన్నావు. అందుకే నీ నంబరు ఆపేశాను. ఇప్పుడు అదే మందు నా కూతురికి రాసి పంపుతున్నావు.

నా లెక్క విను. మే ఇరవై ఎనిమిదిన ఆటగాళ్ల కోటాలో ఉద్యోగానికి సెలక్షన్లు ఉన్నాయి. ఆపరేషన్ అయిన తొమ్మిది నెలలకి గ్రౌండులోకి దిగొచ్చని డాక్టరు అన్నాడు. ఈ ఆగస్టు ఇరవై నాలుగున చేయిస్తే మే ఇరవై నాలుగుకి తొమ్మిది నెలలు. నువ్వు చెప్పినట్టు ఆగితే జూను దాటుతుంది. మళ్ళీ ఆ సెలక్షన్లు ఎప్పుడు పెడతారో, అప్పటికి దీని వయసెంతవుతుందో ఎవరికి తెలుసు. ఇరవై రెండేళ్లు బడి పిల్లల చేత కబడ్డీ ఆడించాను. ఉద్యోగం దాకా వెళ్ళగలిగేది ఇదొక్కతే కనబడింది నాకు.

ఇక మోకాలంటావా, దివ్యంగా ఉంది. మన ఇంట్లో నాన్న నాటి నుంచీ కుటుంబ ప్రార్థన మోకాళ్ళ మీదే. తెనాలి వెళ్ళాక నువ్వు మరిచిపోయి ఉంటావు. నిన్న సాయంత్రం సుందరి నాకన్నా ముందే మోకరించింది, ఆమెన్ అనేదాకా కదల్లేదు. ఆ మోకాలికి నీ కాగితాల ఆట అక్కర్లేదు. వచ్చే శనివారం బాపట్లలో ఆపరేషన్. నువ్వు రానవసరం లేదు.

బర్నబాస్.


తెనాలి,
20 ఆగస్టు 2024.

అన్నయ్యా,

మోకరించడమంటే మోకాలు వంచడం. నేను అడిగింది చాపడం గురించి. వాచిన మోకాలికి వంగి ఉంటేనే హాయి, అది దాని జబ్బు లక్షణం. నువ్వు దాన్ని చూసి ఆరోగ్యమనుకుంటున్నావు. జీవితమంతా పిల్లల చేత బస్కీలు తీయించినవాడివి, వంచడానికీ చాపడానికీ తేడా నేను చెప్పాలా?

తొందరపడాల్సిన మోకాళ్ళూ ఉంటాయి, లేవనను. ఎముకల మధ్య దిండులా ఉండే మృదులాస్థి చిరిగి కీలులో ఇరుక్కుని, కాలు తాళం పడ్డట్టు ఆగిపోతే వెంటనే చేయాలి. రెండు మూడు లిగమెంట్లు ఒకేసారి తెగినా డాక్టర్లు ఎక్కువ రోజులు ఆగనివ్వరు. రిపోర్టు నకలు పిన్నితో పంపు. అలాంటిదేమైనా ఉంటే నేనే రేపు పొద్దున చేయించమంటాను. తెగింది ఒక్కటే అయితే ఈ నెల రోజుల్లో దాన్ని ఆడనివ్వకుండా చూసుకుంటే చాలు. ఆగమంటే ఏళ్ల తరబడి కూర్చోమని నేనెప్పుడూ అనలేదు. ఆగీ ఆగీ, ఆ తెగిన కాలితోనే ఆటలాడితే లోపల ఉన్న మృదులాస్థి కూడా పోతుంది. అదీ నాకు తెలుసు.

అమ్మ విషయంలోనూ నేను చెప్పింది మూడు వారాలే. మూడు వారాలయ్యాక ఇక్కడ డాక్టరుని ఒప్పించి, మంచం సిద్ధం చేసి, పొద్దుటి నుంచీ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. మీరు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ నువ్వు చెప్పలేదు. నా మూడు వారాలకి పదకొండేళ్లు కలిపింది నువ్వు.

శనివారం ఆ డాక్టరుని ఒక్కటే అడుగు. 'సార్, మీ చేత్తో ఒకసారి కాలు చాపించి చూడండి' అను. అంతకు మించి నీ నుంచి నేనేమీ ఆశించడం లేదు.

హెలెన్.


రేపల్లె,
28 ఆగస్టు 2024.

హెలెన్‌కు,

అయిపోయింది. గంటన్నరలో ముగించి డాక్టరు నవ్వుకుంటూ బయటికొచ్చాడు. మత్తు దిగాక సుందరి అడిగిన మొదటి మాట, 'నాన్నా, మే నెలకి ఇంకా ఎన్ని రోజులుంది' అని. నువ్వు శాపం పెట్టినట్టు రాసిన బిగుసుకుపోవడాలేవీ జరగలేదు. కట్టు కింద కాలు కొంచెం వంగి ఉంది, కొత్తలో అలాగే ఉంటుంది.

సెప్టెంబరు ఇరవై తొమ్మిది, ఆదివారం సాయంత్రం మా ఇంటి ముందు కృతజ్ఞత కూడిక పెట్టాను. సుందరి నడిచొచ్చి సాక్ష్యం చెబుతుంది. కార్డులు అచ్చయ్యాయి, ఇందులో ఒకటి ఉంది. పిలవలేదని ఊరంతా చెప్పుకుంటావని పిలుస్తున్నాను. వెనక వరసలో కుర్చీలు ఖాళీగానే ఉంటాయి.

బర్నబాస్.


తెనాలి,
30 సెప్టెంబరు 2024.

అన్నయ్యా,

వచ్చాను. నువ్వు చెప్పిన వెనక వరసలోనే కూర్చున్నాను. నువ్వు నన్ను చూశావు, చూడనట్టు మైకు సర్దుకున్నావు.

గుమ్మం నుంచి మైకు దాకా సుందరి పది అడుగులు వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దాని ఎడమ మడమనే చూస్తూ కూర్చున్నాను. పది అడుగుల్లో ఒక్కసారి కూడా అది నేలకి ఆనలేదు. మునివేళ్ల మీద నడిచింది. మోకాలు చాపలేనివాళ్ళు అలాగే నడుస్తారు. అమ్మ అలాగే నడిచేది. అక్కడున్నవాళ్ళలో సగంమంది అమ్మని ఎరిగినవాళ్ళే, ఒక్కరికీ గుర్తు రాలేదు. నీకైనా గుర్తు రాలేదా అని ఇంటికొచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

బిరియానీ తినకుండా లేచిపోయానని వదిన నొచ్చుకుందట. గొంతు దిగదనిపించి వెళ్ళిపోయానని చెప్పు, ఆమె మీద కోపం లేదు.

వెంటనే డాక్టరుకి చూపించు. ఆపరేషన్ అయి ఐదు వారాలు దాటింది, ఇప్పుడు ఒక్కో రోజూ విలువైనదే. ఇప్పుడు మాత్రం ఆగొద్దు.

హెలెన్.


రేపల్లె,
7 అక్టోబరు 2024.

హెలెన్,

నా కూతుర్ని పంపించు.

శనివారం పొద్దున కాలేజీలో ఏదో కాగితం తెచ్చుకోవాలని చెప్పి బయల్దేరింది. సాయంత్రానికి ఏసమ్మ పిన్ని వచ్చి, అది తెనాలిలో నీ ఇంట్లో ఉందని చల్లగా చెప్పింది. ఆ కాలితో ఒంటరిగా రైలెక్కే ధైర్యం దానికి లేదు. నువ్వే మనిషిని పంపి ఎక్కించుకుపోయావు. నీకు పిల్లలు లేరు గనక పక్కవాళ్ళ పిల్ల మీద కన్నేశావు.

దాని నడక గురించి నాకు పాఠం చెప్పకు. సెప్టెంబరు మొదట్లో కృష్ణకి వరదొచ్చి లంక ఊళ్ళు మునిగితే మా బడిలో జనాన్ని పెట్టారు. రెండు వారాలు వాళ్ళకి అన్నాలు వడ్డిస్తూ అక్కడే ఉన్నాను. బాపట్లలో వ్యాయామం చేయించేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళలేకపోయాను. అది నా తప్పా? ఇక ఇప్పుడు, స్వస్థత దొరికిందని పదిమందిలో సాక్ష్యం చెప్పిన పిల్లని వారం తిరక్కుండా మళ్ళీ ఆసుపత్రికి మోసుకెళ్తే, కూడికకి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో నీకు పట్టదు. ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగాల్సింది నేను.

బుధవారానికి ఇంట్లో ఉండాలి. లేకపోతే నేనే వస్తాను. వస్తే మాటలతో పోదు.

బర్నబాస్.


తెనాలి,
11 అక్టోబరు 2024.

అన్నయ్యా,

బుధవారం వస్తావని ఎదురుచూశాను. రాలేదు.

పిల్లలు లేరన్న మాట మూడుసార్లు చదువుకున్నాను. ఒకప్పుడు ఆ మాట మా అత్తగారు అంటే, నువ్వు రేపల్లె నుంచి సైకిలు మీద వచ్చి ఆవిడతో పోట్లాడావు. చాలా బాధపడ్డాను. అదలా ఉంచు.

మనిషిని నేను పంపలేదు. వదినే స్టేషన్ దాకా వచ్చి రైలెక్కించింది. పెరుగన్నం డబ్బా, రిపోర్టులన్నీ తువ్వాల్లో చుట్టి చేతికిచ్చింది. నీ ఎదురుగా నోరెత్తదు గానీ ఆమె చేసేది చేస్తుంది.

ఆ రిపోర్టుల్లో బాపట్ల కేస్ షీటు నకలు ఉంది. ఆపరేషన్‌కి ముందు డాక్టరు రాసుకున్న వాక్యం ఇది: 'కాలు పూర్తిగా చాపగలుగుతోందని తండ్రి చెప్పారు. తెనాలిలో థియేటర్ నర్సుగా ఉన్న మేనత్త పరీక్షించి సిద్ధంగా ఉందన్నారట.' నేను పరీక్షించానట. నా నంబరు ఆపేశావు, నా ఉత్తరాన్ని వెక్కిరించావు, నాకు వెనక వరస కుర్చీ వేశావు. డాక్టరు ముందు మాత్రం నా పేరు కావలసివచ్చింది. తన చేత్తో చూడకుండా నీ మాట నమ్మడం ఆ డాక్టరు తప్పు. నా పేరు వాడుకోవడం నీ తప్పు, దానికి ఇంకెవరూ వాటాకి రారు.

ఆపరేషన్‌కి ముందు నువ్వు రాసిన ఆ ప్రార్థన సంగతి సుందరి చెప్పింది. బరువంతా కుడి మోకాలి మీద వేసి, ఎడమ మోకాలి కింద దిండు దూర్చి, చున్నీ కొరుక్కుంటూ ఉందట. 'నాన్న కళ్ళు మూసుకుంటారు కదత్తా, కనబడదు' అంది. నువ్వు సంతోషిస్తావని చేసింది.

దాని మోకాలు తిన్నగా రావడానికి ఇంకా పద్దెనిమిది డిగ్రీలు ఉన్నాయి. రోజూ రెండు పూటలా మడమ కింద దుప్పటి మడతపెట్టి నేను నొక్కుతున్నాను. అది ఏడుస్తుంది, నేను ఆపను. డిసెంబరుకి దారికి రాకపోతే లోపల పేరుకున్న గట్టి కండ తీయడానికి మళ్ళీ కోయాలంటున్నారు మా డాక్టరు. మే సెలక్షన్ల మీద ఆశ వదులుకో. ఇప్పుడు ఆ పిల్ల అందరిలా నడుస్తుందా లేదా అన్నదే నా బెంగ. కేస్ షీటులో ఆ వాక్యం దానికి ఇంకా చూపించలేదు. ఎప్పటికీ చూపించనని మాట ఇవ్వను.

హెలెన్.


రేపల్లె,
26 అక్టోబరు 2024.

హెలెన్‌కు,

నీ ఉత్తరం పది రోజులు బైబిల్లో పెట్టుకుని తిరిగాను. జవాబు రాద్దామని కూర్చుంటే కోపం తప్ప ఏమీ రావడం లేదు. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియడం లేదు.

డాక్టరు అడిగాడు, కాలు చాపుతోందా అని. చాపుతోందన్నాను. మోకరించింది కదా, బాగుందనే నమ్మాను. ఎవరు చూశారండి అన్నాడు. డ్రిల్లు మాస్టారు చూశాడంటే ఒప్పుకునేలా లేడు. నీ పేరు నోట్లోంచి వచ్చేసింది. నీ పేరు చెబితే ఎవరైనా నమ్ముతారని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ నాకు అదే మంట, ఇప్పటికీ అదే.

ఆ రోజు అమ్మని ఎందుకు తీసుకురాలేదని అడిగావు. ఆటో వచ్చింది. అమ్మ చీర మార్చుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేనే ఆటోని పంపేశాను. నాన్న హెర్నియా ఆపరేషన్‌కి నవ్వుకుంటూ లోపలికెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నది నేను. నువ్వు అప్పటికి నర్సింగు చదువులో ఉన్నావు. ఇంకొకరిని ఆ తలుపులోకి పంపడం నా వల్ల కాలేదు. ఇంకో వారం చూద్దామమ్మా అన్నాను. ఆ వారం అలా సాగిపోయింది. అందుకే సుందరి విషయంలో ఒక్క రోజు కూడా ఆగదలుచుకోలేదు. ఆగితే మళ్ళీ భయపడి వెనక్కి తిప్పేస్తానని తెలుసు.

క్షమించమని అడగడం నాకు చేతకాదు, అడగడం లేదు. కేస్ షీటు సుందరికి చూపిస్తావో మానతావో నీ ఇష్టం. నేను చెబితే నా మొహం చూసి అది నన్నే ఓదారుస్తుంది. నాకు ఆ ఓదార్పు వద్దు.

బర్నబాస్.


తెనాలి,
20 జనవరి 2025.

అన్నయ్యకు,

డిసెంబరు పన్నెండున మళ్ళీ కోసిన రోజు నువ్వు వచ్చావు. మేనకోడలని నన్ను థియేటర్లోకి రానివ్వలేదు. బయట బెంచీకి ఒక చివర నేను, ఇంకో చివర నువ్వు, మధ్యలో వదిన. రెండు గంటలు అలాగే కూర్చున్నాం. నేను తెచ్చిన టీ వేడిగా ఉన్నంతసేపు ముట్టుకోకుండా, చల్లారాక తాగావు. వచ్చినందుకు మెచ్చుకుంటానని మాత్రం చూడకు. తండ్రి రావడం మెచ్చుకోవలసిన పనేమీ కాదు.

కేస్ షీటు సంగతి సుందరికి చెప్పాను. తనే అడిగింది, బాపట్ల డాక్టరు ఎందుకు ఆగమనలేదత్తా అని. విని, మడమ కింది దుప్పటి మడత సర్దుకుంది. తర్వాత 'ఆ రోజు నేను దిండు పెట్టుకోకుండా ఉండాల్సింది' అంది. నీ అబద్ధంలో కూడా తన తప్పు వెతుక్కుంది. అది విన్నప్పుడు నీ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఉత్తరం రాస్తే ఏం రాస్తానో అని నెల రోజులు రాయలేదు.

ఇంకా నాలుగు డిగ్రీలు మిగిలాయి. మార్చి మొదట్లో ఇంటికి పంపుతాను. ఆ ఇంట్లో అది మోకరించకూడదు. కుర్చీలో కూర్చుని చేసిన ప్రార్థన కూడా దేవుడికి చేరుతుందని కావాలంటే మీ పాస్టరు గారిని అడుగు. వ్యాయామం రెండు పూటలా నువ్వే చేయించాలి. అది ఏడుస్తుంది. ఏడ్చిందని ఆపితే మాత్రం మళ్ళీ రైలెక్కించేస్తాను.

నిన్ను నేను క్షమించలేదు. క్షమించే మనసిమ్మని ప్రార్థించడం కూడా ఇంకా మొదలుపెట్టలేదు.

హెలెన్.


రేపల్లె,
17 మార్చి 2025.

హెలెన్‌కు,

సుందరి వచ్చి తొమ్మిది రోజులైంది. మొదటి రోజు నొక్కగానే ఏడ్చింది, చెయ్యి తీసేశాను. 'అత్త ఆపదు నాన్నా' అంది. మళ్ళీ నొక్కాను. నువ్వు ఆ పిల్ల మీద చెయ్యి వేసి అన్ని నెలలు ఎలా తట్టుకున్నావో నాకు తెలియదు. అడగడం కూడా లేదు.

ప్రార్థనకి ఇప్పుడు నాలుగు కుర్చీలు వేస్తున్నాం, ఏసమ్మ పిన్నితో కలిపి. నేను కళ్ళు మూసుకోవడం మానేశాను.

నిన్న చర్చి నుంచి వచ్చాక పరుపు తీసేసి సుందరిని చెక్క మంచం మీద పడుకోమన్నాను. బైబిల్లోంచి నీ మొదటి ఉత్తరం తీశాను, ఆగస్టు పద్నాలుగుది. దాన్ని చూడగానే సుందరి, 'మళ్ళీ ఆ కాగితమేనా నాన్నా' అంది.

మళ్ళీ అంటే, అవును, మళ్ళీనే. నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. ఆ ఉత్తరం వచ్చిన రోజే పెట్టి చూశాను. కాలు నొక్కమన్నాను. ఎందుకని అడిగితే ఊరికే అన్నాను. లాగితే కాగితం మడత కూడా నలగకుండా నా చేతిలోకి వచ్చేసింది. దాన్ని బైబిల్లో పెట్టేసి, కూర్చుని, నీకు కాగితాల ఆట అక్కర్లేదని రాశాను. బాగుందనే నమ్మానని అక్టోబరులో నీకు రాసింది అబద్ధం. నాకు తెలుసు. తెలిసే బాపట్ల తీసుకెళ్ళాను. ఈ మాట నిన్న సుందరికి చెప్పాను, నా నోటితోనే. అది నన్ను ఓదార్చలేదు. కాగితం పెట్టు నాన్నా అంది, అంతే.

పెట్టాను. నొక్కింది. లాగాను, రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే చిరిగింది. సగం నా చేతికొచ్చింది, సగం దాని మోకాలి కింద ఉండిపోయింది. వంటగదిలోంచి మీ వదిన పరుగెత్తుకొచ్చింది, ఎవరు అరిచారని. అరిచింది నేనేనట, నాకు తెలియలేదు.

నా చేతికొచ్చిన సగం ఇందులో పెట్టి పంపుతున్నాను. అందులో 'అంత తొందర వద్దు' అన్న నీ మాట ఉంది. రెండో సగం నేనే ఉంచుకుంటాను.

నీ నంబరు మీద పెట్టిన బ్లాక్ ఇవాళ పొద్దున తీసేశాను. అలాగని వెంటనే ఫోను చేయకు. నీ గొంతు వింటే ఏం మాట్లాడతానో నాకే తెలియదు, నేనింకా సిద్ధంగా లేను. ఒక మూడు వారాలు ఆగు.

బర్నబాస్.